మందుకీ గుండుకీ మధ్య జానెడు

కెప్టెన్ గారి ఎడమ చేతికి తగిలిన దెబ్బ తొమ్మిది రోజుల్లో బాగా ఎదిగింది. తుపాకి గొట్టం పగిలిన ఆదివారం నాడు బొటనవేలి మీద చిన్న పట్టీ ఉండేది. మూడో రోజుకి కట్టు మణికట్టు దాకా వచ్చింది. ఇవాళ మోచెయ్యి దాటిపోయి, మెడలోంచి వేలాడే గుడ్డ ఉయ్యాల్లో హాయిగా పడుకుంది. గాయం మానేకొద్దీ కట్టు పెరగడం ఆయన ఒంటికే చెల్లింది.

"ఇంకో టీ ఇవ్వండి పెద్దమ్మా, మావయ్యకి" అంది తుపాకుల మేస్త్రి కూతురు.

టీ కొట్టు పెద్దమ్మ ఆ పిల్ల వైపు వింతగా చూసింది. ఇది మూడో టీ. ఈ మనిషి వల్లే తండ్రి మంచం పట్టినంత పనైంది, ఈ పిల్ల చూస్తే ఎదురు కూర్చుని టీలు తాగిస్తోంది. మనసులో ఏముందో ఏమో అనుకుంటూ గ్లాసు కడిగింది.

కెప్టెన్ అంటే నిజంగా కెప్టెన్ అనుకునేరు. పటాలం గిడ్డంగిలో ముప్ఫై ఏళ్ళు దుప్పట్లు పంచిపెట్టి రిటైరైన మనిషి. షూటింగ్ క్లబ్బులో చేరిన మూడో వారానికి కెప్టెన్ అయ్యాడు, ఆరో నెలకి క్లబ్బు సాంకేతిక సలహాదారు అయ్యాడు. ఎవరు చేశారంటే ఎవరూ చెప్పలేరు. వద్దనడానికి ఎవరికీ సందు దొరకలేదంతే. చేతిలో ఎప్పుడూ ఒక సన్నటి పేము బెత్తం, దానికి పైన గుండ్రటి ఇత్తడి పిడి, కింద కొసకి తొడిగిన ఇత్తడి పొన్ను. మాట్లాడేది నోరైనా తిరిగేది బెత్తమే.

ఆయన మేస్త్రి కూతురికి తల్లి వైపు మేనమామ వరస. అసలు తుపాకి ఏ చివర పట్టుకోవాలో ఆయనకి నేర్పింది ఆమె తండ్రే. ఆ ఇంట్లో వందసార్లు భోజనం చేసిన నోటితోనే, "ఇనుము చెడ్డది, చేసినవాడి పొరపాటు, మూడు చుక్కల గుర్తున్న గొట్టాలేవీ నమ్మదగ్గవి కావు" అని నాలుగు వాక్యాల రిపోర్టు చెప్పి రాయించాడు. మూడు చుక్కలు ఆమె తండ్రి గుర్తు. నలభై ఏళ్ళుగా తను తొలిచిన ప్రతి గొట్టం అడుగున ఆయన కొట్టే గుర్తు అది. అలాంటి తుపాకులు క్లబ్బులో ఇంకా పదకొండున్నాయి. సాయంత్రం అయిదింటికి కమిటీ కూర్చుని వాటన్నిటినీ రంపంతో ముక్కలు కోయించేయాలని తీర్మానం చేస్తుంది. కావలసిందల్లా ఆ రిపోర్టు కింద కెప్టెన్ గారి సంతకం. అందుకోసమే క్లబ్బు సెక్రటరీ కూడా కాగితం పట్టుకుని ఈ బల్ల దగ్గరే కూర్చున్నాడు. ఇప్పుడు మూడున్నరైంది.

సంతకం పెట్టడానికి క్షణం చాలు. కానీ కథ చెప్పకుండా సంతకం పెడితే ఆయన కెప్టెన్ ఎలా అవుతాడు!

మేస్త్రి కూతురి ఒళ్ళో గోనెగుడ్డ చుట్టిన పొడుగాటి మూట ఉంది. అందులో పగిలిన గొట్టం ఉంది, దాన్ని దట్టించే కడ్డీ ఉంది. ఈ తొమ్మిది రోజులూ తండ్రి పనిగది గడప తొక్కలేదు. కుర్చీలో కూర్చుని బొటనవేలితో బల్ల అంచు రుద్దుకుంటూ, "నా చెయ్యే తప్పిందేమోనమ్మా. చూపు మందగించాక ఆ గొట్టం తొలిచాను. నాదే పొరపాటేమో" అనేవాడు. జీవితంలో ఎవరి ముందూ తలొంచని మనిషి అలా అంటూంటే ఆమెకి ఏడుపొచ్చేది, ఆ వెంటనే కోపమొచ్చేది.

మొన్న మాత్రం ఆయన గొట్టం తెచ్చి ఒళ్ళో పెట్టమన్నాడు. వేళ్ళతో ఆ చివర్నుంచి ఈ చివరిదాకా తడిమాడు.

"మందు ఎక్కువైతే గొట్టం అడుగున పగులుతుంది. ఇది అడుగున చెక్కుచెదరలేదు. అడుక్కి జానెడు పైన, చుట్టూ ఉంగరంలా ఉబ్బి, అక్కడ చీలింది. గుండు మందుని ఆనుకుని కూర్చోవాలమ్మా. ఇక్కడ కూర్చోలేదు. జానెడు పైనే ఆగిపోయింది. మధ్యలో ఖాళీ. మందు అంటుకుని ఆ ఖాళీలో పరిగెత్తుకొచ్చి, కదలని గుండుకి కొట్టుకుంది. ఆ దెబ్బకి ఉక్కు కూడా నిలవదు" అన్నాడు.

"మరి గుండు ఎందుకాగింది నాన్నా?"

"పొట్టిదాంతో తోశాడు."

ఈ పాతకాలపు తుపాకికి మూతిలోంచే మందు పోసి, గుండు పెట్టి, పొడుగాటి కడ్డీతో అడుగుదాకా దట్టించాలి. మేస్త్రి ప్రతి కడ్డీ మీదా ఆకురాయితో ఒక గీత కోస్తాడు. ఆ గీత మూతి అంచుకి సరిగ్గా వస్తేనే గుండు మందు మీద కూర్చున్నట్టు. గీత పైకుంటే తుపాకి పేల్చకూడదు. క్లబ్బులో అందరికీ తెలిసిన పద్ధతే. అయితే ఆ తుపాకి కడ్డీ ఆ ఆదివారం క్లబ్బులో లేదు. కొస బిళ్ళ వదులైందని ముందురోజు కెప్టెన్ గారే తెచ్చి మేస్త్రి బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

ఆ మాట ఆమె సెక్రటరీకి చెప్పింది. సెక్రటరీ కెప్టెన్ని అడిగాడు. "ఇంకో కడ్డీతో దట్టించాను, అది పేలుడికి ఎగిరిపోయింది" అన్నాడాయన. సెక్రటరీ మంచివాడు, ఎవరేం చెప్తే అది రాసుకునే మంచివాడు. అదీ రాసుకున్నాడు.

ఆ సంగతి విని తండ్రి తొమ్మిది రోజుల్లో మొదటిసారి నవ్వాడు. "మీ మావయ్య అబద్ధమైతే దాచగలడు గానీ గొప్ప దాచుకోలేడు. కూర్చోబెట్టి టీ ఇప్పించు. మాట్లాడనివ్వు" అన్నాడు.

అందుకే ఈ మూడో టీ.

"అసలు ఆ రోజు నాకు పేల్చాలనే లేదోయ్" అని మొదలెట్టాడు కెప్టెన్, గ్లాసందుకుంటూ. "ఏదో అందరూ బతిమాలారు. సరే, వంద గజాల్లో ఒక నిమ్మకాయ పెట్టండి, చేతి దురద తీర్చుకుంటానన్నాను. పెట్టారు. చూశాను. నాకు సిగ్గేసింది. వంద గజాలంటే చెయ్యి చాపి తీసుకోవచ్చు, దాన్ని తుపాకితో కొట్టడమేమిటి? రెండొందలకి జరపమన్నాను."

"మొన్న నూటయాభై అన్నారు" అన్నాడు దర్జీ. పక్క కొట్టు ఆయనదే. మెడలో టేపు అలాగే వేసుకొచ్చి, కాజాలు కుడుతూ వింటున్నాడు.

"మొన్న నీకు అర్థం కావాలని తగ్గించి చెప్పాను. మధ్యలో రాకు. రెండొందల గజాల్లో నిమ్మకాయ పెట్టారు. గాలి ఇటు నుంచి అటు. నేను గాలిని ఒకసారి ఇలా చూశాను, అది ఆగింది. సరే, నిమ్మకాయని కొడితే గొప్పేముంది, దాన్ని దారంతో వేలాడదీయండి, దారాన్ని కొడతానన్నాను."

"దారం ఏ నంబరండీ?"

"నలభై."

"ఈ సూదిలో ఉన్నది నలభయ్యే" అని దర్జీ కళ్ళ దగ్గర పెట్టుకుని చూపించాడు. "నాకు ఇక్కడికే ఆనట్లేదు."

"అందుకే నువ్వు దర్జీవి, నేను కెప్టెన్ని. విను. తుపాకి భుజానికి ఆనించాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గొట్టం మాట్లాడింది! నవ్వకండి. ఇనుముతో ముప్ఫై ఏళ్ళు కాపురం చేసినవాణ్ణి, దాని భాష నాకు తెలుసు. 'అయ్యా, నా లోపల దోషముంది, నన్ను తొలిచినవాడు సరిగ్గా తొలవలేదు, నన్ను పేల్చకు' అని నా చెవిలో చెప్పింది."

మేస్త్రి కూతురి చేతులు మూట మీద బిగుసుకున్నాయి.

"అంత స్పష్టంగా చెప్పింది కదా, మరెందుకు పేల్చారు?" అంది పెద్దమ్మ, పాలు కలుపుతూ.

"బాగా అడిగావు. నలుగురి ముందు మాటిచ్చాక వెనక్కి తీసుకునే రకమా నేను? మీట నొక్కాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ధనామని గొట్టం పదిహేడు ముక్కలైంది! పదిహేడూ నేను లెక్కపెట్టాను. మొదటిది ఇటెళ్ళింది, తల వంచాను. రెండోది అటెళ్ళింది, నడుం వంచాను. మూడూ నాలుగూ కలిసొచ్చాయి, కుడిచేత్తో ఒకటి, ఎడంచేత్తో ఒకటి పట్టుకున్నాను. ఈ చెయ్యి అందుకే ఇలా అయింది. అయిదోది మొహం మీదకే వస్తోంది. చేతులు ఖాళీ లేవు. ఏం చెయ్యను?"

"ఏం చేశారండీ?" అన్నాడు సెక్రటరీ. ఆయన నిజంగానే అడిగాడు.

"పళ్ళతో పట్టుకున్నాను!"

సెక్రటరీ కలం తీసి రాసుకోబోయి, ఎందుకో ఆగాడు. మేస్త్రి కూతురి ఒళ్ళో ఉన్న గొట్టం ఒక్కటే ముక్క. అరచెయ్యంత చీలిక, అంతే. దర్జీ ఆ మూట వైపు చూసి, ఆమె మొహం వైపు చూసి, సూది మళ్ళీ గుడ్డలో గుచ్చాడు.

"ఇంతకీ దారం తెగిందా?" అంది పెద్దమ్మ.

"తెగడమొక్కటేనా? గొట్టం పగిలినా గుండు దారి తప్పలేదు. చూపు నాది కదా! దారం తెంపింది, పోతూ పోతూ ముడి కూడా విప్పింది. నిమ్మకాయ కింద పడి రెండు ముక్కలై, కోసినట్టు విచ్చుకుంది. వాచ్‌మన్ ఒక చెక్క తీసుకుని నీళ్ళల్లో పిండుకుని తాగాడు. కావాలంటే అడగండి."

"వాచ్‌మన్ ఆ ఆదివారం సెలవండీ" అన్నాడు సెక్రటరీ నెమ్మదిగా.

"అయితే వాడి తమ్ముడు. మనిషి ముఖ్యమా, కథ ముఖ్యమా? ఇక అసలు సంగతికి వస్తాను. ఇంకొకడైతే దెబ్బ తగిలింది కదా అని ఇంటికెళ్ళి పడుకుంటాడు. నేను దర్యాప్తు మొదలెట్టాను. ముందు ఒక ముక్క నాలిక మీద పెట్టుకుని చూశాను. ఇనుముకి ఉప్పు ఉండాలి. ఉప్పు లేదు. వాసన చూశాను. మంచి ఇనుము వానకి తడిసిన మట్టి వాసనేస్తుంది. ఇది చద్ది వాసనేసింది. ఒక ముక్క చెవి దగ్గర పెట్టుకుని గోటితో మీటాను. 'సా' పలకాలి, 'నీ' పలికింది. అప్పటికప్పుడు నిపుణులు ఏడుగురికి ఉత్తరాలు రాశాను. ఏడు భాషల్లో రాశాను. ఏడుగురూ ఒకే జవాబు రాశారు. ఏమని?"

"డాక్టరుకి చూపించుకోమని" అన్నాడు దర్జీ.

"మీకు తెలియంది మాకేం తెలుస్తుంది స్వామీ, మీరే చెప్పండి, మేం రాసుకుంటాం అని! దాంతో ఇక నా మీదే భారం పడింది. ఆ ఇనుము తవ్వి తీసిన గని ఎక్కడుందో వాసన పట్టుకుని వెళ్ళాను. తాడు కట్టుకుని లోపలికి దిగాను. నాలుగు వేల అడుగులు. కింద ఎంత వేడంటే, జేబులో ఉన్న అద్దాల పెట్టె కరిగిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మన గొట్టం ఇనుము ఏ బొరియలోంచి తీశారో ఆ బొరియ కనిపించింది! ఎలా గుర్తుపట్టానంటావా? దాని ఆకారం అచ్చం గొట్టంలాగే ఉంది. లోపల గాడులతో సహా!"

"ఈ తొమ్మిది రోజుల్లోనే వెళ్ళొచ్చారా?" అంది పెద్దమ్మ. "రోజూ పొద్దునా సాయంత్రం ఇక్కడే టీ తాగారు కదా?"

"మధ్యాహ్నాలు వెళ్ళాను."

సెక్రటరీకి దగ్గొచ్చింది. కెప్టెన్ బెత్తం పైకెత్తి గాలిలో గిర్రున తిప్పి, పొన్నుతో బల్ల మీద టకటకా కొట్టాడు. పొన్ను సరిగ్గా మేస్త్రి కూతురి కళ్ళ ముందు ఆగింది.

దాని అంచు ముడతలో బూడిద రంగు మరక ఉంది. మట్టి కాదు, మసి కాదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆమె వేళ్ళకి రోజూ అంటే మరక అది. సీసం. గుండ్లు పోసేది సీసంతోనే.

ఆమె బెత్తాన్ని పిడి నుంచి కొస దాకా చూసింది. సన్నటి బెత్తం. గొట్టం రంధ్రంలో పట్టేంత సన్నం. గొట్టం అడుగుదాకా అందనంత పొట్టి. తొమ్మిది రోజులుగా అందరి ముక్కుల ముందూ తిరుగుతోంది. ఇంటికొచ్చి "బావా, బాధపడకు, వయసు మీద పడితే ఎవరికైనా చెయ్యి వణుకుతుంది" అని తండ్రిని ఓదార్చిన రోజు కూడా ఆయన చేతిలో ఇదే ఉంది. ఆ ఓదార్పు గుర్తొచ్చి ఆమెకి ఒళ్ళు మండిపోయింది. గొంతులో మాత్రం మంట తెలియనివ్వలేదు.

"మావయ్యా, దట్టించింది కూడా మీరేనా?"

"మరెవరు? నా తుపాకి ఇంకొకణ్ణి ముట్టుకోనిస్తానా? మందు పోశాను, గుండు పెట్టాను, ఇంకో కడ్డీ ఉంది కదా, దాంతో దట్టించాను. గీత మూతి అంచుకి వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చింది."

"గీత నాన్న ఒక్క కడ్డీ మీదే కోశాడు. అది మా ఇంట్లో ఉంది."

"ఇది నేను కోసుకున్న గీత."

"ఆ కడ్డీ దొరికితే బావుండేది."

"ఎక్కడ దొరుకుతుంది? మబ్బుల్లోకి పోయింది."

ఆమె నిట్టూర్చినట్టు నటించింది. "పోనీలెండి. ఆ ఇంకో కడ్డీ ఉండబట్టి సరిపోయింది. లేకపోతే మీరు మాత్రం ఏం చేసేవారు? కడ్డీ లేకుండా ఎంత మొనగాడైనా దట్టించలేడని నాన్న ఎప్పుడూ అంటాడు. 'మీ మావయ్య వల్ల అసలే కాదు' అంటాడు."

కెప్టెన్ గ్లాసు కింద పెట్టాడు.

"బావ అలా అన్నాడా?"

"ఆయన పాతకాలం మనిషి. మీరు పట్టించుకోకండి."

"నిజమే కదండీ" అన్నాడు దర్జీ, ఆమె ఏం చేస్తోందో తెలియకపోయినా ఏదో చేస్తోందని గ్రహించి. "కత్తెర లేకుండా నేను గుడ్డ కోయలేను. కడ్డీ లేకుండా మీరేం చేస్తారు?"

"నాకు కడ్డీ ఎందుకయ్యా!" అని కెప్టెన్ లేచి నిలబడ్డాడు. "కడ్డీ చేతకానివాళ్ళకి! ఈ బెత్తం చూశారా? దీంతో నేను ఫిరంగి దట్టించాను. మూడు వేలమంది చుట్టుముట్టారు. మా దగ్గరున్నది ఒక్క ఫిరంగి. దట్టించే గెడ విరిగింది. అందరూ నా వైపు చూశారు. ఈ బెత్తం తీసి ఒక్క పోటు! పగలంతా దట్టిస్తూనే ఉన్నాను. ఒక్కోసారి రెండు గుళ్ళు. ఒక్కోసారి గుళ్ళయిపోతే దుప్పట్లు కూరాను! శత్రువులు దుప్పట్లు కప్పుకుని పారిపోయారు. అంతదాకా ఎందుకు, ఆ ఆదివారం మాత్రం? కడ్డీ లేదు కదా అని ఆగానా? గుండు మూతిలో పెట్టాను, ఈ బెత్తంతో ఒక్క తోపు తోశాను. అడుక్కంటా వెళ్ళి ఠక్కున కూర్చుంది! నాకు కడ్డీ అట!"

స్టవ్వు మీద పాలు పొంగాయి. పెద్దమ్మ చూడకుండానే చెయ్యి చాపి మంట తగ్గించింది.

"ఇంకో కడ్డీతో దట్టించానన్నారు కదండీ?" అన్నాడు సెక్రటరీ, చేతిలో కాగితం చూసుకుంటూ.

"అది మామూలు మనుషుల కోసం చెప్పిన మాట. ఉన్నదున్నట్టు చెప్తే నమ్ముతారా?"

మేస్త్రి కూతురు మూట విప్పింది. పగిలిన గొట్టం బల్ల మీద పెట్టింది. పదిహేడు ముక్కలని విన్నవాళ్ళందరూ ఆ ఒక్క ముక్కనీ చూశారు. కెప్టెన్ కూడా చూశాడు గానీ, వేడి మీదున్నాడు.

"ఎలా తోశారో ఒక్కసారి చూపించండి మావయ్యా. నాన్నకి చెప్పాలి. ఆయన నమ్మడు."

"చూడు మరి!"

గుడ్డ ఉయ్యాల్లోంచి ఎడమ చెయ్యి చటుక్కున బయటికొచ్చి గొట్టాన్ని గట్టిగా పట్టుకుంది. కుడి చెయ్యి బెత్తాన్ని మూతిలో పెట్టి ఒక్క తోపు తోసింది. బెత్తం సర్రున జారి, ఇత్తడి పిడి గొట్టం మూతికి టంగుమని తగిలి ఆగింది. అంతకన్నా లోపలికి వెళ్ళే దారి లేదు, పిడి లావు.

"అదీ! అడుక్కంటా!" అన్నాడు కెప్టెన్, ఛాతీ విరుచుకుని.

"చెయ్యి బాగైపోయింది, సంతోషం" అంది పెద్దమ్మ.

మేస్త్రి కూతురు గొట్టాన్ని వెల్తురు వైపు తిప్పింది. ఉంగరంలా ఉబ్బిన చోట, చీలిక మొదలైన చోట, ఆ సందులోంచి ఇత్తడి తళుక్కుమంది. పొన్ను. ఒక వెంట్రుక అటు కాదు, ఇటు కాదు. చీలిక మొదలు దగ్గర సరిగ్గా వచ్చి ఆగి, బయటికి చూస్తోంది.

"అడుగెక్కడుంది మావయ్యా?" అంది ఆమె.

కెప్టెన్ వంగి చూశాడు. ఆమె జానెడు కొలిచింది. పొన్ను దగ్గర చిటికెనవేలు ఆనించి, మూడు చుక్కల గుర్తు దగ్గర బొటనవేలు పెట్టింది. తర్వాత మూటలోంచి అసలు కడ్డీ తీసి గొట్టం పక్కన పెట్టింది. కడ్డీ కొస మందు ఉండాల్సిన చోటుకి చేరింది, గీత మూతి అంచుకి వచ్చింది. ఎవరికీ ఏదీ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. సెక్రటరీకి కూడా.

"గుండు ఇక్కడాగింది. మందు అక్కడుంది. మధ్యలో ఇంత ఖాళీ వదిలి మీరు మీట నొక్కారు. మా నాన్న గొట్టం మీతో ఏం మాట్లాడిందో నాకు తెలీదు గానీ, మీ మొహం పగలగొట్టకుండా పక్కకి చీలి ఊరుకుంది. అంత మంచి ఇనుము అది. దాన్ని మీరు చద్ది వాసనన్నారు. ఆయన చెయ్యి వణికిందన్నారు. ఆయనింట్లో ఆయనెదురుగానే కూర్చుని అన్నారు" అంది.

దర్జీ మెడలోంచి టేపు తీశాడు. మూతి నుంచి చీలిక మొదలు దాకా కొలిచాడు. ఇరవై అయిదంగుళాలు. బెత్తం పిడి కింద నుంచి కొస దాకా ఎంతని అడగడానికి ఇక ఏమీ లేదు, అది లోపలే ఉంది.

"ఇన్నేళ్ళుగా కుడుతున్నాను" అన్నాడు టేపు చుట్టుకుంటూ. "ఏ చొక్కా కూడా నా చేతిలో ఇంత సరిగ్గా కుదరలేదు."

సెక్రటరీ రిపోర్టులోని నాలుగు వాక్యాలనీ ఒక్క గీతతో కొట్టేశాడు. గొట్టంలో దోషం లేదని, గుండు అడుగుదాకా దట్టించలేదని కింద కొత్తగా రెండు వాక్యాలు రాశాడు. రాసి, కాగితాన్ని కెప్టెన్ వైపు తిప్పి, కలం మూత తీసి పక్కన పెట్టాడు. ఎవరేం చెప్తే అది రాసుకునే మనిషి మొదటిసారి తను చూసింది రాశాడు.

"సంతకం పెట్టండి. తొందరగా. అయిదింటికి మీటింగు."

కెప్టెన్ కలం పట్టుకున్నాడు. సంతకం పెట్టాడు. ఆ చేతిరాత మాత్రం చాలా చిన్నగా ఉంది. తర్వాత బెత్తం లాక్కోబోయాడు. చీలిక అంచు పొన్నుని కరుచుకున్నట్టుంది, రాలేదు. రెండుసార్లు లాగాడు. అందరూ చూస్తున్నారు. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక, ఎడమదాన్ని మళ్ళీ గుడ్డ ఉయ్యాల్లో పెట్టుకున్నాడు. నోరు తెరిచాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలు..."

"తెలుసు" అంది పెద్దమ్మ. "గ్లాసిటివ్వు."

మేస్త్రి కూతురు ఇల్లు చేరేసరికి తండ్రి కుర్చీలోనే ఉన్నాడు, బల్ల అంచు రుద్దుకుంటూ. ఆమె గొట్టాన్ని, అందులో ఇరుక్కున్న బెత్తంతో సహా, ఆయన ఒళ్ళో పెట్టింది.

ఆయన ముందు మూతి దగ్గర ఇత్తడి పిడి తడిమాడు. అక్కడి నుంచి బొటనవేలు నెమ్మదిగా కిందికి జరిగింది. ఉబ్బు దగ్గర ఆగింది. చీలికలోకి దూరింది. పొన్నుని ముట్టుకుంది. ముట్టుకుని అక్కడే ఉండిపోయింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె ఆయన పక్కన నేల మీద కూర్చుంది.

తర్వాత ఆయన పొన్నుని గోటితో అటూ ఇటూ కదిపి చూశాడు. మొహం చిట్లించాడు.

"వదులుగా ఉంది" అన్నాడు. "దీన్ని బిగించినవాడెవడో గానీ పనివాడు కాడు. పనిగది తలుపు తీయమ్మా."